ఫాస్ఫో-ఏకేటీ బ్యాండ్ ఎవరి పని? – ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: పీసీ-3 అనే ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలను రాత్రంతా సీరం లేకుండా ఉంచాం. ఇన్సులిన్ ఇవ్వకముందే వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లను గుర్తించే పరీక్ష) ఫాస్ఫో-ఏకేటీ (ఫాస్ఫేట్ ఎక్కిన ఏకేటీ ప్రోటీన్) బ్యాండ్ దట్టంగా వస్తోంది. పీఐకే3సీఏ జన్యువులో మ్యుటేషన్ ఉన్నట్టేనా?

జవాబు: తొందరపడకండి. ముందు అనుమానించాల్సింది పీటెన్ అనే ఎంజైమ్ లేకపోవడాన్ని.

పీఐకే3సీఏ జన్యువు నుంచి తయారయ్యేది పీ110 ఆల్ఫా అనే లిపిడ్ కైనేజ్, అంటే కొవ్వు అణువుకు ఫాస్ఫేట్ చేర్చే ఎంజైమ్. దాని జోడీ ప్రోటీన్ పీ85 మామూలు వేళల్లో దాన్ని అదిమిపెడుతుంది. ఇన్సులిన్ తగిలాక ఫాస్ఫేట్ ఎక్కిన టైరోసిన్లను పీ85 పట్టుకోగానే ఆ అదుపు సడలుతుంది. పీ110 కణపొర దగ్గర పనిలోకి దిగి, పీఐపీ2 లిపిడ్‌లోని ఇనోసిటాల్ వలయం 3వ స్థానంలో ఒక ఫాస్ఫేట్ చేరుస్తుంది. అలా తయారైన పీఐపీ3 దగ్గరికే ఏకేటీ, పీడీకే1 అనే మరో కైనేజ్ చేరతాయి. ఏకేటీలో థ్రియోనిన్ 308 మీద పీడీకే1, సెరిన్ 473 మీద ఎంటార్ సీ2 అనే ఎంజైమ్ సముదాయం ఫాస్ఫేట్ పెడతాయి.

పీటెన్ ఆ 3వ స్థానం ఫాస్ఫేట్‌ను తీసేస్తుంది. పీసీ-3 కణాల్లో పీటెన్ లేదు. కొళాయి సన్నగా కారినా తూము మూసుకుపోతే తొట్టి నిండుతుంది కదా, ఇదీ అంతే. పైగా పీటెన్ లేని కణాలు చాలాసార్లు పీఐకే3సీబీ జన్యువు ఇచ్చే పీ110 బీటా మీద ఆధారపడతాయి. అందుకే ఆల్ఫాను మాత్రమే ఆపే మందు వేస్తే బ్యాండ్ పెద్దగా తగ్గకపోవచ్చు.

పక్క లేన్లో పీటెన్ ఉన్న ఎంసీఎఫ్-7 (రొమ్ము క్యాన్సర్) కణాల లైసేట్ (కణాలను పగలగొట్టి తీసిన ద్రవం), అదే బ్లాట్‌లో మొత్తం ఏకేటీ తప్పనిసరి. ఈ లిపిడ్ కైనేజ్‌లను ఆపే వోర్ట్‌మానిన్‌తో (100 నానోమోలార్) అరగంట ఉంచిన నమూనా కూడా పెట్టండి. వోర్ట్‌మానిన్ నీటిలో త్వరగా పాడవుతుంది, డీఎంఎస్ఓ ద్రావణిలో ఉంచిన స్టాక్ నుంచి అప్పటికప్పుడే కలపాలి. లైసిస్ ఐసు మీదే చేయండి. బఫర్‌లో సోడియం ఫ్లోరైడ్, ఆర్థోవనడేట్ లేకపోతే ఫాస్ఫటేజ్‌లు మీ బ్యాండ్‌ను తినేస్తాయి. బ్లాకింగ్‌కు (బ్లాట్ మీది ఖాళీ చోట్లను కప్పడానికి) పాలపొడి కన్నా 5 శాతం బీఎస్ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్) మేలు. పాలలోని కేసిన్‌కే ఫాస్ఫేట్లు ఉంటాయి.

మ్యుటేషన్ తేలాలంటే సీక్వెన్సింగే దారి. పీఐకే3సీఏలో ఎక్కువగా దొరికేవి ఈ542కే, ఈ545కే, హెచ్1047ఆర్ (అంకె ప్రోటీన్‌లో స్థానం, అటూ ఇటూ అక్షరాలు పాత, కొత్త అమైనో ఆమ్లాలు). మొదటి రెండూ ఉన్న భాగానికి దాదాపు నకలులాంటి వరుస 22వ క్రోమోజోమ్ మీద ఉంది. ప్రైమర్లు దాన్నీ పట్టుకుంటే లేని మ్యుటేషన్ కనిపిస్తుంది. ఈ545ఏ వస్తే ముందు ప్రైమర్లనే అనుమానించండి.

ప్రశ్న: పీ110 ఆల్ఫాను ఆపే క్యాన్సర్ మందు అల్పెలిసిబ్‌తో రక్తంలో చక్కెర ఎందుకు పెరుగుతుంది?

జవాబు: కాలేయం, కండరాల్లో ఇన్సులిన్ సంకేతం నడిచేదీ ప్రధానంగా ఈ ఎంజైమ్ మీదుగానే. దాన్ని ఆపితే కండరాలు గ్లూకోజ్ తీసుకోవడం తగ్గుతుంది, కాలేయం విడుదల చేయడం ఆగదు. క్లోమం ఇంకా ఇన్సులిన్ పోస్తుంది. ఆ ఇన్సులిన్ కణితిలోనూ ఇదే దారిని మళ్లీ తెరిచి, మందు పనిని కొంత చెడగొట్టగలదు. అందుకే చక్కెర అదుపు ఇక్కడ పక్క విషయం కాదు, చికిత్సలో భాగమే.