యానాంలో కొన్న అడాప్టర్ పేలింది, కేసు ఎక్కడ వెయ్యాలి?

ప్రశ్న: మాది తాళ్లరేవు మండలం. రొయ్యల చెరువు చేస్తుంటాను. తొమ్మిది నెలల కిందట కాకినాడలో 18,500 పెట్టి ఫోన్ కొన్నాను. బాక్సులో కేబుల్ ఉంది గానీ అడాప్టర్ లేదు. పాత ఫోన్ చార్జర్‌తో కొన్నాళ్లు నెట్టుకొచ్చి, మూడు నెలల కిందట యానాంలో ఒక సెల్ షాపులో 450 పెట్టి 33 వాట్ల అడాప్టర్ తీసుకున్నాను. బిల్లు ఇవ్వలేదు, ఫోన్‌పే చేశాను. పోయిన నెల ఇంట్లో రాత్రి చార్జింగ్ పెట్టి పడుకుంటే అడాప్టర్ టప్పుమని పేలి ఫోన్ చచ్చిపోయింది. సర్వీస్ సెంటర్‌లో "మీరు వేరే చార్జర్ వాడారు, వారంటీ రాదు, బోర్డు మార్చాలి, 9,200 అవుద్ది" అన్నారు. షాపతను "చార్జర్లకి గ్యారంటీ ఉండదండి" అంటున్నాడు. డబ్బా మీద కంపెనీ చిరునామా లేదు, మేడ్ ఇన్ చైనా అని మాత్రం ఉంది. అడాప్టర్ వెనక సన్న అక్షరాల్లో 5వి 2ఎ అని ఉంది. అదే రాత్రి చెరువు మీద ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ఆగిపోయాయి. కుర్రాడు ఎన్నిసార్లు చేసినా నా ఫోన్ కలవలేదు, తెల్లారేసరికి రొయ్య తేలిపోయింది. ఆ నష్టం కూడా అడగొచ్చా? ఎవరి మీద వెయ్యాలి? ఇక ఎలాంటి చార్జర్ కొనాలి?

జవాబు: ముందు ఆ మాడిన అడాప్టర్, దాంతో వాడిన కేబుల్, డబ్బా మూడూ ఒక కవర్లో పెట్టి బీరువాలో దాచండి. షాపతను "ఏదీ చూద్దాం, మార్చి ఇస్తాను" అన్నా చేతికివ్వకండి. ఫొటోలు మాత్రం చూపించండి. మీ కేసంతా ఆ ప్లాస్టిక్ ముక్కలోనే ఉంది.

మీరు రాసిన సన్న అక్షరాలు నాకు బాగా నచ్చాయి. వోల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు. 5వి, 2ఎ అంటే పది వాట్లు. 33 అని చెప్పి పదిది అమ్మారు. అంటే సరుకు గురించి అబద్ధం చెప్పి అమ్మడం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) ప్రకారం అది అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే సెక్షన్ కిందికి వస్తుంది. కాబట్టి బిల్లు లేదని మీరు జంకక్కర్లేదు, ఇవ్వనందుకు జవాబు చెప్పాల్సింది అతనే. ఫోన్‌పే రసీదు, ఆ రోజు బ్యాంకు స్టేట్‌మెంటు తీసి పెట్టుకోండి. మనవైపు వాళ్లు యానాం వెళ్లొచ్చామంటే మందు కోసమేనని జనం అనుకుంటారు. చార్జర్ కోసమే వెళ్లారని జిల్లా వినియోగదారుల కమిషన్‌కి చూపించడానికి ఆ స్టేట్‌మెంటే మీకు ఆధారం.

ఇంకో సంగతి కూడా చూడండి. మన దేశంలో అమ్మే పవర్ అడాప్టర్‌కి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నమోదు తప్పనిసరి. 2012లో ఉత్తర్వు వచ్చింది, 2021లో దాని స్థానంలో కొత్త ఉత్తర్వు తెచ్చారు. నమోదైన అడాప్టర్ మీద బీఐఎస్ గుర్తు, ఐఎస్ అని ఒక ప్రమాణం నంబరు (చాలా చార్జర్ల మీద ఐఎస్ 13252 కనిపిస్తుంది), ఆర్ అక్షరం పక్కన ఎనిమిది అంకెలు ఉంటాయి. మీ దాని మీద అవి లేకపోతే అసలు అమ్మకూడని సరుకే మీకు అంటగట్టారు.

షాపతను రేపు "నేను తయారుచేశానా ఏంటి, హోల్‌సేల్లో తెచ్చి అమ్ముకున్నాను" అంటాడు. మామూలుగా ఆ మాటకి కొంత బలం ఉంటుంది. అయితే సెక్షన్ 86 చదవండి. తయారీదారు ఎవరో తెలియనప్పుడు, లేదా తెలిసినా నోటీసు అందించే వీలు లేనప్పుడు, అమ్మినవాడే తయారీదారు బాధ్యత మొయ్యాలి. మేడ్ ఇన్ చైనా తప్ప ఇంకేమీ లేని డబ్బాకి ఇది అతికినట్టు సరిపోతుంది. గ్యారంటీ లేదన్న మాటకీ ఈ బాధ్యతకీ సంబంధం లేదు. గ్యారంటీ లేకపోతే అడాప్టర్ మార్చి ఇవ్వడేమో గానీ, అది పేలి మీ ఇంకో వస్తువు పాడైతే ఆ నష్టం వేరే లెక్క.

ఆ వేరే లెక్క ఏంటంటే, ఈ చట్టంలో ఉత్పత్తి బాధ్యత కింద హాని అనే మాటకిచ్చిన నిర్వచనంలో, ఆ ఉత్పత్తి వల్ల ఇతర ఆస్తికి జరిగిన నష్టం కూడా ఉంది. అడాప్టర్ విషయంలో మీ ఫోన్ ఇతర ఆస్తి, కాబట్టి 9,200 అడగొచ్చు. ఆ నిర్వచనంలోనే వ్యాపార, ఆర్థిక నష్టం హాని కిందికి రాదని రాసేశారు. అందుకని రొయ్యల నష్టం వదిలెయ్యండి. చెప్పడానికి నాకూ కష్టంగానే ఉంది. ఏరేటర్లు ఆగి ఆక్సిజన్ పడిపోతే ఒక్క రాత్రిలో ఏమవుతుందో ఈ డెల్టాలో తెలియనిది ఎవరికి? కానీ ఏరేటర్లు ఆగింది అడాప్టర్ వల్ల కాదు కదా. లక్షల్లో అడిగితే అవతలి లాయరు "ఫోన్ వ్యాపారానికి వాడారు, ఈయన వినియోగదారుడే కాదు" అని మొదలుపెడతాడు. స్వయం ఉపాధికి వాడుకునేది వ్యాపార ప్రయోజనం కాదని చట్టమే చెబుతోంది గానీ, ఆ వాదన మీరే ఎందుకు పిలిచి తెచ్చుకోవాలి?

ఫోన్ కంపెనీ మీద మీ బలం కొంచెం తక్కువ. అలాగని వాళ్లన్నదీ పూర్తిగా నిజం కాదు. వారంటీ కార్డు తెచ్చి చదవండి. సాధారణంగా అందులో ఉండేది "బయటి చార్జర్ వల్ల పాడైతే" వారంటీ వర్తించదు అని. "వాడితే" వేరు, "వల్ల పాడైతే" వేరు. అడాప్టర్ ఇవ్వకుండా ఫోన్ అమ్మి, బయటిది కొన్నందుకే వారంటీ లేదనడం కుదరదు. అయితే మీ విషయంలో అడాప్టర్ పేలింది, అదీ 33 అని చెప్పి అమ్మిన పది వాట్లది. దానివల్లే బోర్డు పోయిందని వాళ్లు తేలిగ్గా చూపించగలరు. అదే నమోదైన మంచి అడాప్టర్ అయ్యుంటే నేను ముందు కంపెనీ మీదే గురిపెట్టమనేవాణ్ణి. ఇప్పుడు మాత్రం షాపు మొదటి ప్రతివాది, కంపెనీ రెండో ప్రతివాది. ఒకరి మీద ఒకరు తోసుకుంటారు కాబట్టి ఇద్దరూ ఒకే గదిలో ఉండాలి. సర్వీస్ సెంటర్ నోటిమాట ఎందుకూ పనికిరాదు. వారంటీ ఎందుకు రాదో, బోర్డులో ఏ భాగం కాలిందో జాబ్ షీట్ (సర్వీస్ సెంటర్ ఇచ్చే రిపేరు కాగితం) మీద రాయించుకోండి. ఫోన్ అవసరమైతే బాగు చేయించుకోండి, కానీ పాత బోర్డు ఫొటోలు తీసి, దాన్ని తిరిగి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి.

యానాం పుదుచ్చేరి కిందిది కదా, అక్కడికి వెళ్లి వెయ్యాలా అని మీకు అనుమానం ఉంటుంది. పాత 1986 చట్టంలో ప్రతివాది ఉన్నచోటో, వ్యవహారం నడిచినచోటో వెయ్యాల్సి వచ్చేది. ఇప్పుడు సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోటే వెయ్యొచ్చు. మీకు కాకినాడ జిల్లా కమిషన్ సరిపోతుంది. మీరు చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చెయ్యొచ్చు, లాయరు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. ల్యాబ్ పరీక్ష కావాలంటే కమిషన్ వస్తువుకి సీలు వేసి పంపుతుంది, ఖర్చు ముందు మీరే కట్టాలి. 450 రూపాయల అడాప్టర్‌కి నేనైతే ముందే అడగను. లేబులే చాలావరకు చెప్పేస్తోంది.

దానికన్నా ముందు షాపుకి స్పీడ్ పోస్టులో నోటీసు పంపి పదిహేను రోజులు గడువివ్వండి. 9,200, అడాప్టర్ ధర 450, తిరుగుడు ఖర్చులు, కొద్దిపాటి పరిహారం అడగండి. చాలామంది చిన్న షాపులవాళ్లు నోటీసు చూడగానే రాజీకొస్తారు. ఫోన్ కంపెనీ గురించి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫిర్యాదు పెట్టండి.

ఇక కొత్త చార్జర్. ఎక్కువ వాట్ల అడాప్టర్ పెడితే ఫోన్ కాలిపోతుందన్న భయం అక్కర్లేదు. సరైన అడాప్టర్ అయితే ఫోన్ తనకి కావలసినంతే తీసుకుంటుంది, 65 వాట్ల ల్యాప్‌టాప్ అడాప్టర్ పెట్టినా అంతే. కొన్ని కంపెనీల ఫోన్లు తమ సొంత పద్ధతిలోనే వేగంగా ఎక్కుతాయి, బయటి పీడీ (అన్ని కంపెనీలకీ ఉమ్మడిగా ఉండే టైప్-సి ఫాస్ట్ చార్జింగ్ పద్ధతి) అడాప్టర్‌తో నెమ్మదిగా ఎక్కుతాయి. అది లోపం కాదు, దాని మీద కేసు వెయ్యకండి. టైప్-సి కేబుల్ మామూలుగా 3 ఆంపియర్లకి చేస్తారు. ఇరవై వోల్టుల దగ్గర అది 60 వాట్లు, మీ ఫోన్‌కి చాలు. అంతకు మించి కావాలంటే లోపల చిన్న చిప్ ఉన్న 5 ఆంపియర్ల కేబుల్ తీసుకోవాలి. అడాప్టర్ మీద ఇన్‌పుట్ 100-240వి అని ఉందో లేదో చూడండి, మన వైపు వోల్టేజి సంగతి మీకు తెలిసిందే.

షాపులో నిలబడే బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆర్ నంబరు కొట్టండి. తయారీదారు పేరు, బ్రాండు వస్తాయి. చేతిలో ఉన్న బ్రాండుతో సరిపోవాలి, ఎందుకంటే ఒకరి నంబరు ఇంకొకరు అచ్చు వేసేవాళ్లూ ఉన్నారు. సరిపోతే డబ్బులు కట్టి, బిల్లు మీద ఆ ఎనిమిది అంకెలు కూడా రాయమనండి. రాయడానికి తటపటాయిస్తే పక్క షాపుకి నడవండి.