సీలింగ్ మీద టీ మరక

మొన్న ఆదివారం, ఇక్కడ అమెరికాలో డాలస్ పక్కనున్న ఫ్రిస్కో నుంచి ఒక చెల్లి ఫోన్ చేసింది. ఇల్లు కొని ఏడాది కూడా కాలేదు. "అక్కా, మేడ మీద బెడ్‌రూమ్ సీలింగ్‌కి టీ ఒలికినట్టు మరక వచ్చింది. పెయింట్ వేయించేస్తే సరిపోతుందా?" అని అడిగింది. బ్రష్ ముట్టుకోవద్దమ్మా అన్నాను. పదకొండేళ్ల కిందట మేం చేసింది సరిగ్గా అదే.

మాది ఆ పక్క ఊరు ప్లేనోలో రెండంతస్తుల ఇల్లు. డైనింగ్ టేబుల్‌కి సరిగ్గా పైన, మేడ మీది బాత్రూమ్ కింద, అరచేయంత మరక కనపడింది. ఊళ్లో మా నాన్న వానాకాలం పోగానే గోడలు గీకించి సున్నం కొట్టించేవారు. మాకూ అదే తోచింది. మా ఆయన మరకలు కనపడనీయని ప్రైమర్ డబ్బా తెచ్చి, శనివారం పూట నిచ్చెనెక్కి పూసేశారు. నాలుగు నెలలు హాయిగా గడిచాయి. ఐదో నెలలో తడిసిన గోనెసంచి వాసన మొదలైంది. వాసన పట్టుకుని బాత్రూమ్‌లోకి వెళ్లి, కమోడ్ పక్కన గోడ అడుగున ఉన్న బేస్‌బోర్డుని బొటనవేలితో నొక్కాను. టీలో ముంచిన రస్కులా లోపలికి దిగిపోయింది. కమోడ్‌కి నీళ్లొచ్చే గొట్టం గోడ లోపల చుక్క చుక్కగా కారుతోంది. టైల్స్ కింది చెక్క నల్లబడి పెళ్లలు పెళ్లలుగా ఊడి వచ్చింది. దాన్ని మోసే దూలం అంచు కూడా మెత్తబడింది.

ఇన్సూరెన్స్ మనిషి వచ్చి గోడకి తేమ మీటరు ఆనించి చూసి, ఒకటే ప్రశ్న వేశాడు: "ఇది ఎప్పటి నుంచి కారుతోంది?" మరక చూశాం, పెయింట్ వేశాం అని మా ఆయన ఉన్నదున్నట్టు చెప్పారు. చెప్పకపోయినా కొత్త ప్రైమర్ కింద పాత మరక చెప్పేదే లెండి. క్లెయిమ్ అక్కడితో సరి. దూలం ఖర్చంతా మా జేబులోంచే పోయింది.

ఇక్కడి ఇల్లు మన ఇల్లు కాదని ముందు బుర్రకెక్కించుకోవాలి. అక్కడ ఇటుక, సిమెంటు. తడిస్తే పెచ్చులూడతాయి, ఎండకి ఆరుతుంది, మళ్లీ రంగు వేస్తాం. ఇక్కడ గోడంటే రెండు బై నాలుగు కర్రలు, మధ్యలో దూదిలాంటి ఇన్సులేషన్, పైన రెండు వైపులా కాగితం అంటించిన జిప్సమ్ పలక. బయట ఇటుక కనపడినా అది పైతొడుగే, బరువు మోసేది కర్ర. కర్ర, కాగితం, తడి, మూసి ఉన్న గోడ. బూజుకి ఇంతకంటే ఏం కావాలి? అందుకే 24 నుంచి 48 గంటల్లోపు ఆరబెట్టమని ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. వచ్చే వీకెండ్ చూద్దాంలే అంటే కుదరదు.

ఈ సాయంత్రమే ఒక పని చేయండి. ఇంటికొచ్చే నీళ్లన్నీ ఒక్కచోట కట్టేసే మెయిన్ వాల్వ్ ఎక్కడుందో వెతకండి. డాలస్ వైపు చాలా ఇళ్లకి అది ముందు గడ్డిలో, రోడ్డు వారగా నేలలో పాతిన పెట్టెలో, నీళ్ల మీటరు పక్కన ఉంటుంది. మూత కింద సాలీళ్లు ఉంటాయి, గ్లౌజులు వేసుకోండి. తిప్పడానికి పొడుగు తాళంచెవి లాంటిది హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది, కొని గరాజ్‌లో తగిలించండి. 2021 ఫిబ్రవరి 16న డాలస్ ఎయిర్‌పోర్టు దగ్గర మైనస్ 2 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో మైనస్ 19 డిగ్రీలు. ఆ వారం మా వీధిలో ఒకరింట్లో అటక మీద పైపులో నీళ్లు గడ్డకట్టి అది పగిలింది. భార్యాభర్తలిద్దరూ ఫోన్లు పట్టుకుని ప్లంబర్ కోసం తిరిగారు తప్ప, వాకిట్లో ఉన్న వాల్వ్ సంగతి ఇద్దరికీ తెలియదు. పక్కింటాయన వచ్చి కట్టేసేసరికి సీలింగ్ పలకలు సోఫా మీద పడి ఉన్నాయి.

నీళ్లు కట్టేశాక తడి తగిలిన గదులకి కరెంటు ఆపండి. బ్రేకర్ దగ్గరే నీళ్లుంటే మాత్రం అటు పోవద్దు. సీలింగ్ బుంగలా ఉబ్బితే దాని కింద నిలబడకండి. పక్క నుంచి స్క్రూడ్రైవర్‌తో చిన్న చిల్లు పెట్టి బకెట్‌లోకి దింపండి, లేకపోతే మొత్తం ఒక్కసారి కూలుతుంది. ఏదీ కదపకముందే వీడియో తీయండి. పగిలిన గొట్టం ముక్క పారేయొద్దు, నీళ్లు ఉన్నట్టుండి వచ్చాయనడానికి మీ దగ్గరుండే సాక్ష్యం అదే. ఇన్సూరెన్స్ వాళ్లు వచ్చి చూసేదాకా తడి ముట్టకూడదేమో అని కొందరు ఆగుతారు. అది తప్పు. నష్టం పెరగకుండా చూసుకోవడం మీ బాధ్యతేనని పాలసీలోనే ఉంటుంది. ఆరబెట్టే కంపెనీ వాళ్లు పెద్ద ఫ్యాన్లు, గాల్లో తేమ లాగే డీహ్యూమిడిఫయర్లు పెట్టి పోతారు. మూడు నాలుగు రోజులు విమానం పక్కన పడుకున్నట్టే ఉంటుంది. పిల్లలు నిద్రపోవట్లేదని రాత్రిపూట ఆపేయకండి. గోడ మళ్లీ మూసేముందు తేమ మీటరు అంకెలు చూపించమనండి. తడవని గదిలో కర్ర ఎంత చూపిస్తోందో ఇక్కడా అంతే ఉండాలి.

పాలసీ గురించి. పైపు హఠాత్తుగా పగిలితే మామూలుగా ఇస్తారు. నెలల తరబడి కారితే ఇవ్వరు. వానకి వీధిలోంచి నీళ్లు లోపలికొస్తే అది వరద, దానికి వేరే పాలసీ కావాలి. ప్రభుత్వ వరద బీమా తీసుకున్నా మామూలుగా 30 రోజులు ఆగాకే అమల్లోకి వస్తుంది. తుఫాను వార్త చూసి కొంటానంటే లాభం లేదు. ఆ బీమా ఇంటికి 2,50,000 డాలర్లు, సామానుకి 1,00,000 వరకే ఇస్తుంది. మురుగు వెనక్కి తన్నితే దానికి విడిగా కవరేజ్ ఉందో లేదో అడగండి. రిపేరు చెక్కు మీద మీ పేరుతో పాటు లోన్ ఇచ్చిన బ్యాంకు పేరు కూడా ఉండొచ్చు, కంగారు పడకండి. రిపేరు ఖర్చులో ముందు మన జేబులోంచి పెట్టాల్సిన వాటాని డిడక్టిబుల్ అంటారు. "డిడక్టిబుల్ మేం చూసుకుంటాం" అని తలుపు తట్టేవాళ్లని మాత్రం గుమ్మం దాటనీయకండి. 2019 సెప్టెంబరు నుంచి టెక్సస్‌లో అది నేరం. బూజు పరీక్ష చేసిన కంపెనీయే అదే ఇంట్లో దాన్ని తీసే పని కూడా చేయకూడదని ఇక్కడి నియమం.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఇంకో టెన్షన్. మా అత్తయ్యగారు వచ్చిన వారానికే మేడ మీది బాత్రూమ్‌లో బకెట్ నీళ్లు కుమ్మరించి చీపురు పట్టారు. ఇక్కడి ఇళ్లలో మామూలుగా బాత్రూమ్ నేలకి తూము ఉండదని ఆవిడకి ఎవరు చెప్పారు? మేమే చెప్పలేదు. నీళ్లు ఎటూ పోలేక కమోడ్ మొదట్లోంచి కిందికి దిగాయి. ఆవిడ చిన్నబుచ్చుకోకుండా ఒక మాప్ చేతికిచ్చి ముందే చెప్పేయండి.

నేల సంగతి కర్నూలు వాళ్లకి చెప్పక్కర్లేదు. డాలస్ చుట్టుపక్కల చాలాచోట్ల నల్లరేగడే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, పైనున్న కాంక్రీటు పలక దాంతో పాటే ఆడుతుంది. అందుకే ఎండాకాలం పునాదికి అడుగు దూరంలో చిల్లుల గొట్టం పరిచి నేలని తడుపుతారు. మొదటి ఏడాది అది చూసి నవ్వుకున్నాను, ఇల్లుకి నీళ్లు పెట్టడమేంటని. కప్పు అంచున ఉండే గట్టర్‌లోంచి దిగే వాన నీళ్లు మాత్రం గోడ మొదట్లో పడకూడదు. తలుపులు పట్టేసి, ద్వారబంధం మూలల నుంచి ఏటవాలుగా బీటలు వస్తే ముందు స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలవండి. పునాది కంపెనీని తర్వాత. పునాది కింద స్తంభాలు వేస్తేనే డబ్బులొచ్చేవాడు అక్కర్లేదని ఎందుకంటాడు?

చెల్లి విషయానికొస్తే, మరక చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయమన్నాను. కుళాయిలన్నీ కట్టేసి మీటరులో చిన్న ముల్లు తిరుగుతోందేమో చూడమన్నాను. నిన్న రాత్రి ఫొటో పంపింది. ముల్లు కదల్లేదు, అంటే నీళ్లొచ్చే పైపు కాకపోవచ్చు. పది రోజులుగా వాన లేదు, అంటే కప్పు కాకపోవచ్చు. మరక మాత్రం గీత దాటి అర అంగుళం బయటికొచ్చింది. ఇక మిగిలింది అటక మీది ఏసీ. దాని నీళ్ల గొట్టం పాచి పట్టి మూసుకుపోతే, కింద పళ్లెంలోకి చేరిన నీళ్లు పోవడానికి ఇంకో గొట్టం ఉంటుంది. దాని కొసని కిటికీ పైన, అందరి కళ్లూ పడే చోట, కావాలనే పెడతారు.

"కిటికీ మీద ఎక్కడైనా చుక్కలు పడుతున్నాయా?" అని అడిగాను.

"నెల నుంచీ పడుతున్నాయక్కా. ఏసీ నీళ్లే కదా, మన అమీర్‌పేటలో పడేవి కావూ అనుకుని కింద తులసి కుండీ పెట్టాం."