పాత ఓమ్నీలో కొత్త సెట్టు: అల్లుడికి మామయ్య ఉత్తరం

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం బాగున్నాం. అత్తయ్య మోకాళ్ల నొప్పి ఎప్పటిలాగే ఉంది. వ్యాన్‌లో పాటల సెట్టు మార్చడం గురించి నిన్న ఫోన్లో అంతా చెబుదామనుకున్నా కానీ, నీ కర్రీ పాయింటులో వెనకనుంచి ఎవరో ఒకరు "రెండు పప్పు, ఒక వేపుడు" అని అరుస్తూనే ఉన్నారు. నేను చెప్పిందాంట్లో సగం కూడా నీ చెవిన పడి ఉండదు. అందుకే రాస్తున్నా. వ్యాన్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఈ కాగితం జేబులో పెట్టుకో.

2005 మోడల్ ఓమ్నీ కొన్నావని విని నాకు సంతోషమే. 1984లో మారుతి వ్యాన్ పేరుతో వచ్చింది, 1988లో ఓమ్నీ అయింది, 2019లో తయారీ ఆపేశారు. ఆటోనగర్లో నేను పనిచేసిన ముప్పై ఏళ్లలో నా చేతికింద ఎన్ని ఓమ్నీలు వెళ్లాయో లెక్కలేదు. సినిమావాళ్లు దాన్ని కిడ్నాపులకు వాడి పేరు చెడగొట్టారు గానీ, సంసారాలు మోసిన బండి అది.

సెట్టు మార్చడం గంట పని. నీకంటే ముందు ఆ బండిని వాడినవాళ్లు, వాళ్ల మెకానిక్కులు డాష్‌బోర్డు వెనక ఏం చేసిపెట్టారో తెలుసుకోవడానికి మాత్రం ఒక పూట పూర్తిగా పడుతుంది. అందరూ ఆ పూట ఎగ్గొట్టి గంట పనికి దిగుతారు. ఆ తర్వాత నెల రోజులు ఎలక్ట్రీషియన్ షాపు చుట్టూ తిరుగుతారు.

నువ్వు చూసిన ఏడంగుళాల టచ్ స్క్రీన్ వద్దు. డాష్‌బోర్డులో సెట్టు కూర్చునే గూడు 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు. దాన్నే సింగిల్ డిన్ అంటారు. స్క్రీన్ సెట్టుకు ఎత్తు 100 కావాలి, అంటే ప్లాస్టిక్ కొయ్యాలి. ఇన్నేళ్లు ఎండకు ఎండిన ప్లాస్టిక్ అది, బ్లేడు పెట్టగానే ఎటు పగులుతుందో చెప్పలేం. పైగా ఓమ్నీలో ఇంజను నీ సీటు కిందే ఉంటుంది. ఆ వేడికి, ఆ అదురుకు చవక స్క్రీన్లు నిలవవు. సీడీ లేని, బ్లూటూత్, యూఎస్‌బీ ఉన్న మామూలు సింగిల్ డిన్ సెట్టు తీసుకో. లోపల తిరిగే భాగాలేవీ ఉండవు, లోతు తక్కువ, తేలిక. వెనక వైర్లు సర్దుకోవడానికి చోటు మిగులుతుంది. మిగిలిన డబ్బు స్పీకర్ల మీద పెట్టు.

అట్టపెట్టె మీద "50 వాట్స్ ఇంటు 4" అని పెద్ద అక్షరాలుంటాయి. నమ్మకు. సెట్టు వెనక ఫ్యూజు చూడు, మామూలుగా 10 ఆంపియర్లది ఉంటుంది. బండి నడిచేటప్పుడు వోల్టేజీ 14 దాకా ఉంటుంది కాబట్టి ఆ ఫ్యూజు గుండా పోయేది 140 వాట్లు. అందులోనూ కొంత వేడి కింద పోతుంది. ఇక 200 వాట్లు ఎక్కడినుంచి వస్తాయి? ఒక్కో స్పీకరుకు నిజంగా అందేది 15 నుంచి 20 వాట్లు. నీ బండికి అది చాలు.

స్క్రాప్ షాపుల్లో జపాన్ నుంచి వచ్చిన పాత సెట్లు చవగ్గా కనిపిస్తాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, పాట కూడా బాగా పలుకుతుంది. కానీ జపాన్ వాళ్ల ఎఫ్ఎం 76 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలై 90తో ఆగిపోయేది. మన స్టేషన్లు దాదాపు అన్నీ 90 పైన, 108 దాకా ఉంటాయి కాబట్టి అవి అందులో దొరకవు. కొత్త సెట్టులో కూడా మెనూలోకి వెళ్లి ఏరియా ఏం పెట్టి ఉందో చూడు. అమెరికాది పెట్టి ఉంటే ఎఫ్ఎంలో ఒకటి విడిచి ఒకటి నంబరు దూకుతుంది. 102.7 తర్వాత 102.9 వస్తుంది, హైదరాబాద్ వివిధ భారతి 102.8 అసలు కనబడదు. మీడియం వేవ్‌లో కూడా మనకు 9 కిలోహెర్ట్జ్ అడుగులు, వాళ్లకు 10. మన విజయవాడ 837 మీద సరిగ్గా ఆగదు. మీ నాన్నకు ఉదయం రేడియో లేకపోతే గడవదు కాబట్టి, మీడియం వేవ్ ఉందో లేదో షాపులోనే అడుగు. చాలా చవక సెట్లలో అసలు ఉండదు.

ఇక పని సంగతి. ముందు 10 నంబరు స్పానర్‌తో బ్యాటరీ నెగెటివ్ విప్పెయ్. ఈ ఒక్కదానికీ బద్ధకించకు. బండికి ఎల్‌పీజీ కిట్ ఉందన్నావు. గ్యాస్ వాసన ఏ కాస్త తగిలినా ఆరోజు పని మానెయ్, ముందు కిట్ చూపించు. వాసన లేకపోయినా తలుపులన్నీ తెరిచిపెట్టుకునే కూర్చో.

పాత డెక్కు, అదే క్యాసెట్ సెట్టు, బయటికి లాగాక వెనక జడలాగా వైర్లు కనబడతాయి. కట్టర్ తీయకు! ఒక్క వైరూ కోయకముందు ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తియ్. అప్పుడు నెగెటివ్ మళ్లీ తగిలించి, ఏ వైరు ఏమిటో పరీక్ష చెయ్. దీనికి మల్టీమీటర్ ఒక్కటే చాలదు, 12 వోల్టుల బల్బుకు రెండు వైర్లు కట్టి టెస్ట్ ల్యాంప్ చేసుకో. ఎందుకో చెబుతా. లోపల తుప్పుపట్టి, రెండు పోగుల మీద వేలాడే వైరు కూడా మీటరులో 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే మీటరు కరెంటు దాదాపు లాగదు. బల్బు పెడితే గుడ్డిగా వెలుగుతుంది, లేదా అసలు వెలగదు. మీటరును నమ్మి నేను ఎన్ని మధ్యాహ్నాలు పోగొట్టుకున్నానో.

తాళం తీసేసినా బల్బు వెలిగే వైరు ఒకటి ఉంటుంది. కొత్త సెట్టు పసుపు వైరు దానికి వెళ్లాలి. గడియారం, స్టేషన్లు గుర్తుండేది దానివల్లే. తాళం ఒక మెట్టు తిప్పితేనే వెలిగేది ఇంకోటి, దానికి ఎర్రది. ఈ రెండూ తారుమారైతే తాళం తీసిన ప్రతిసారీ సెట్టు అన్నీ మర్చిపోతుంది. చాలామంది తాళం వైరు వెతికే ఓపిక లేక పసుపు, ఎరుపు రెండూ కలిపి నేరుగా బ్యాటరీకి ఇస్తారు. అలా చేస్తే సెట్టు ఆపడం మర్చిపోయిన రాత్రి బ్యాటరీ కూర్చుంటుంది. తెల్లారుజామున నాలుగింటికి కూరగాయల మార్కెట్‌కు బయల్దేరే నీకు అది ఎంత కష్టమో నేను చెప్పక్కర్లేదు.

నల్లది ఎర్త్. పాతవాళ్లు ఏ స్క్రూ దొరికితే దానికి చుట్టి ఉంటారు. నువ్వు బాడీ ఇనుము తగిలే చోట ఎమరీ పేపరుతో పెయింటు గీకి, రింగు టెర్మినల్ పెట్టి బోల్టు బిగించు. నీలం వైరు పవర్ యాంటెన్నాకు, నీలం మీద తెల్ల గీత ఉన్నది యాంప్లిఫయర్‌కు. నీకు రెండూ లేవు. వాడని ప్రతి వైరు కొసనూ విడివిడిగా ఇన్సులేట్ చెయ్, అన్నిటినీ ఒకే ముద్దగా టేపు చుట్టకు.

స్పీకర్ల విషయంలోనే నేను జన్మలో మర్చిపోని దెబ్బ తిన్నాను. పనిలో చేరిన కొత్తలో ఒక డాక్టరుగారి వ్యాన్‌కు కొత్త నాలుగు చానళ్ల సెట్టు, అంటే నాలుగు స్పీకర్లకు విడివిడిగా పాట పంపేది, బిగించాను. అంతకుముందు దానికి ఉన్నది పాతకాలం రెండు స్పీకర్ల డెక్కు. ఆ రోజుల్లో స్పీకరు ప్లస్‌కు ఒక వైరు లాగి, మైనస్‌ను అక్కడే బాడీకి ఎర్త్ చేసేవాళ్లు, వైరు కలిసొస్తుందని. పాత డెక్కుకు అది చెల్లింది. కొత్త సెట్లలో స్పీకరు మైనస్ ఎర్త్ కాదు, దానిలోంచి కూడా సిగ్నల్ వస్తుంది. అది నాకు తెలియదు. ఉన్న వైరింగుకే కలిపేశాను. పాట రెండు నిమిషాలు గరగరమంటూ వచ్చింది, తర్వాత కాలిన వాసన. లోపల చిప్ పోయింది. ఓనరు నన్ను ఏమీ అనలేదు గానీ, మూడు నెలలు జీతంలో కోసుకున్నాడు.

అందుకని నువ్వు సెట్టు తగిలించకముందే ఒక్కో స్పీకరు వైరునూ మీటరు బీప్ మీద పెట్టి బాడీకి తాకించి చూడు. ఏదైనా బీప్ అంటే ఆ వైరింగు పనికిరాదు. స్పీకరు దాకా కొత్తగా రెండు వైర్లు లాగు. నన్నడిగితే, బీప్ రాకపోయినా కొత్తవే లాగమంటా, వైరు ఖరీదు ఎంతని? ఇంటి వైరింగులో వాడే ఒంటి తీగది మాత్రం కొనకు. బండి అదురుకు అది విరుగుతుంది. సన్నపోగులది తీసుకో.

రంగులు ఇవి: తెలుపు ముందు ఎడమ, బూడిద ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. అదే రంగు మీద నల్ల గీత ఉంటే మైనస్. పాత స్పీకర్లే ఉంచుతానంటే, గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్ తెచ్చి వైర్ల కొసలకు ఒక్క క్షణం తాకించు. స్పీకరు "టప్" మంటుంది. కోను బయటికి ఉబికితే సెల్ ప్లస్ ఎటుందో అదే స్పీకరు ప్లస్. లోపలికి పోతే తారుమారు. ఒక స్పీకరు సరిగా, ఒకటి తిరగేసి కలిపితే ఏదీ కాలిపోదు గానీ డోలు దెబ్బ మాయమైపోతుంది. జనం స్పీకర్లు బాగోలేవని తిట్టుకుంటారు.

ఒకే చానల్‌కు రెండేసి స్పీకర్లు కలిపితే సౌండ్ పెరుగుతుందని ఎవరైనా చెబుతారు. నాలుగు ఓమ్‌ల స్పీకర్లు రెండు పక్కపక్కన కలిపితే రెండు ఓమ్‌లు అవుతుంది, సెట్టు వేడెక్కి ఆగిపోతుంది. వద్దు. వెనక స్పీకర్లు ఫ్లోర్ దగ్గర అసలే వద్దు, నీ సాంబారు డబ్బాలు ఎప్పుడో ఒకప్పుడు ఒలకకుండా ఉండవు. పక్క ప్యానెల్‌లో పైకి పెట్టు.

జాయింట్లు నల్ల టేపుతో చుట్టకు. రోహిణీ కార్తె ఎండలో ఆ జిగురు కరిగి పాకంలా కారుతుంది, టేపు జారిపోయి వైర్లు ఒకదానికొకటి తగులుతాయి. మెలిపెట్టి, సోల్డర్ చేసి, వేడికి ముడుచుకునే స్లీవ్ తొడుగు. మరిచిపోకు, స్లీవ్ ముందే వైరుకు ఎక్కించాలి. సోల్డర్ చేశాక గుర్తొస్తే మళ్లీ విప్పాలి, ఇది నాకు ఇప్పటికీ జరుగుతుంది. జాయింటు వేలాడకుండా దగ్గర్లో కట్టెయ్, లేకపోతే సోల్డర్ అంచు దగ్గరే వైరు విరుగుతుంది. బ్యాటరీ నుంచి కొత్త వైరు లాగాల్సి వస్తే బ్యాటరీ పక్కనే ఒక ఫ్యూజు పెట్టు. సెట్టు వెనక ఉన్న ఫ్యూజు సెట్టును కాపాడుతుందే గానీ, దారిలో రేకు అంచుకు కోసుకుపోయిన వైరును కాదు. ఫ్యూజు కాలితే సిగరెట్ పెట్టెలో వెండి కాగితం చుట్టి నడిపినవాళ్లను చూశాను. అలా తగలబడ్డ డాష్‌బోర్డులు కూడా చూశాను.

బిగించేటప్పుడు సెట్టు వెనక ఉన్న బోల్టుకు ఇనప పట్టీ కట్టి బండి బాడీకి ఆన్చు. ముందు ఫ్రేమ్ ఒక్కటే పట్టుకుంటే మన రోడ్ల మీద నెలకే ఊగుతుంది.

స్టార్ట్ చేశాక యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ స్పీకర్లో "కుయ్" మని కూత పెరిగితే అది బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ గోల, ముందు ఎర్త్ మళ్లీ చూడు. టకటక మంటే ప్లగ్ వైర్లవి, సెట్టు వైర్లు వాటికి దూరంగా జరుపు. ఎఫ్ఎం ఒక్కటే బుసబుస మంటే సిగరెట్ లైటర్లో పెట్టిన ఫోన్ ఛార్జర్ పీకి చూడు. చవక ఛార్జర్లు ఎఫ్ఎంను తినేస్తాయి. సెట్టును తిట్టుకుంటూ నా దగ్గరికి వచ్చినవాళ్లలో కొందరికి ఛార్జర్ తీసి చేతిలో పెట్టి పంపించేశాను, డబ్బులు తీసుకోకుండా.

పాత డెక్కులో క్యాసెట్ ఇరుక్కుపోయిందన్నావుగా. స్క్రూ డ్రైవర్ పెట్టి పొడవకు, టేపు తెగుతుంది. గుడ్డలో చుట్టి, వచ్చే ఆదివారం అమ్మతో పంపించు. బెల్టు పోయి ఉంటుంది. ముందు యజమాని ఏం వింటూ ఆ బండి అమ్మేశాడో చూడాలని ఉంది.

ఉంటాను.

మామయ్య