వానకు టేకు తలుపు పట్టేస్తోందా? అప్పుడే చిత్రిక పట్టించకండి

కొత్త ఇంట్లో టేకు తలుపులు పెట్టించినా వానలు మొదలవగానే పడకగది తలుపు పట్టేస్తోందని, చెక్కలో మోసం జరిగిందేమోనని అడిగారు. నేను మా నాన్నగారి దగ్గర వడ్రంగి పని నేర్చుకుని రాజమండ్రి చుట్టుపక్కల ఇళ్లకు గుమ్మాలు, తలుపులు చేస్తుంటాను. మీరు చెప్పినదాన్ని బట్టి చెక్కను అనుమానించాల్సిన పని లేదు.

ఏ చెక్కైనా తేమ పీల్చి ఉబ్బుతుంది. పొడవులో మార్పు దాదాపు ఉండదు, ఉబ్బేదంతా అడ్డంగానే. అందుకే గడియ వైపు పట్టేస్తుంది. టేకు తక్కువ ఉబ్బుతుంది, అంతే. ఇప్పుడు చిత్రిక పట్టించారంటే ఎండాకాలానికి అక్కడ వేలెడు సందు కనిపిస్తుంది.

ముందు తలుపు పై అంచు మీద చేయి పెట్టి చూడండి. కింద చిన్న అద్దం జరిపి అడుగు అంచు కూడా చూడండి. నూటికి తొంభై ఇళ్లలో అక్కడ పాలిష్ ఉండదు, పచ్చి చెక్కే గరుకుగా తగులుతుంది. నిలువు చెక్కల కొసలు తేలేది అక్కడే. సన్నని గొట్టాల్లా అవి తేమను లోపలికి లాగేస్తాయి. ముందు వైపు ఎంత మెరిసినా లాభం లేదు.

ఇంకో కారణం తొందర. గుమ్మం గోడతోపాటే నిలబెడతాం గానీ, రెక్కలు ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్ తడి బాగా ఆరాకే బిగించాలి. గృహప్రవేశం టెన్షన్‌లో ఎవరూ ఆగరు. నన్నడిగితే ముహూర్తానికి సింహద్వారం ఒక్కటి బిగిస్తే చాలంటాను. మిగతా గదులకు ఓ నెల తెరలు కట్టుకున్నా ఏమీ కాదు.

ఎండాకాలంలోనూ రాసుకుంటుంటే మాత్రం అది తేమ పని కాదు. పై బందు మరలు వదులయ్యాయేమో చూసి బిగించండి. గుమ్మాన్ని మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవండి, రెండు కొలతలూ కలవకపోతే గుమ్మమే ఒరిగినట్టు.

మీరైతే సంక్రాంతి దాటేదాకా ఆగండి. చెక్క బాగా ఆరాక రెక్క విప్పించి, పైనా కిందా అంచులకు రెండు పూతలు పాలిష్ పట్టించండి. వచ్చే వానలకు కూడా పట్టేస్తేనే గడియ వైపు పలచగా చిత్రిక పట్టించి, ఆ అంచుకు కూడా అదే రోజు పాలిష్ వేయించండి.