ఏడాదిన్నర కాంట్రాక్ట్ అయిపోయింది, గ్రాట్యుటీ రాదంటున్నారు: సమాధానం

ఐదేళ్లు నిండలేదని గ్రాట్యుటీ (ఉద్యోగం ముగిసినప్పుడు సర్వీసును బట్టి కంపెనీ ఇచ్చే మొత్తం) రాదంటున్న మీ హెచ్‌ఆర్ ఇంకా 1972 గ్రాట్యుటీ చట్టం లెక్కలోనే ఉన్నారు. ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగికి (ముగింపు తేదీతో కంపెనీయే నేరుగా తీసుకున్న ఉద్యోగికి) ఐదేళ్ల షరతు, కొత్త సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చిన 2025 నవంబర్ 21 నుంచి లేదు, ఏడాది సర్వీసు చాలు. మీ గడువు ముగిసింది 2026 జనవరిలో, కాబట్టి కొత్త రూలే మీకు వర్తిస్తుంది.

1. ముందు అపాయింట్‌మెంట్ లెటర్ తీయండి. అందరూ వదిలేసేది ఇదే. లెటర్ ఇచ్చింది కంపెనీయేనా? ముగింపు తేదీ ఉందా? ఏజెన్సీ లెటర్‌హెడ్ మీద ఉంటే మీరు కాంట్రాక్ట్ లేబర్ కిందికొస్తారు, దారి వేరు.

2. గ్రాట్యుటీ కోసం కంపెనీకి దరఖాస్తు రాసి, మెయిల్‌లో కూడా పంపండి. ఫోన్లో అడిగితే అడిగినట్టు కాదు. చెల్లింపు గడువు కాంట్రాక్ట్ ముగిసిన రోజు నుంచి 30 రోజులు.

3. లెక్క: చివరి నెల వేతనం × 15 ÷ 26 × 1.5 (ఏడాదికి 15 రోజుల వేతనం, నెలకు 26 పనిదినాల లెక్క, మీ సర్వీసు 1.5 ఏళ్లు). బేసిక్ తగ్గించి అలవెన్సులు మొత్తం జీతంలో సగానికి మించి చూపిస్తే (మామూలుగా చేసేదే), ఆ మించింది ఈ లెక్కలోని వేతనంలో కలుస్తుంది.

4. కంపెనీ పలక్కపోతే కార్మిక శాఖలో ఫిర్యాదు.