గెస్ట్ వైఫైకి మనిషికి 2 ఎంబీపీఎస్ లిమిట్ పెట్టినా బిల్లింగ్ ఎందుకు ఆగిపోతోంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: 60 పడకల నర్సింగ్ హోమ్, మూడంతస్తులు, 9 యాక్సెస్ పాయింట్లు (వైఫై పంచే పెట్టెలు), అటూ ఇటూ 200 ఎంబీపీఎస్ ఫైబర్ లైన్, మైక్రోటిక్ రూటర్, యాక్సెస్ పాయింట్లను నడిపే ఒమాడా కంట్రోలర్. పేషెంట్ల తాలూకు వాళ్ల వైఫైకి మనిషికి 2 ఎంబీపీఎస్ లిమిట్ పెట్టారు. అయినా సాయంత్రం విజిటింగ్ వేళల్లో బిల్లింగ్ స్క్రీన్ తిరుగుతూనే ఉంటోంది, డాక్టర్ల వీడియో కాల్ తెగిపోతోంది.

ముందు లెక్క చూడండి. సాయంత్రం 150 ఫోన్లు ఎక్కితే 150 రెళ్లు 300. లైను 200. మనిషికి పెట్టే లిమిట్ మొత్తాన్ని ఆపదు. 2 తీసి 1 పెడదామనిపిస్తుంది. అది చేయకండి, ఎందుకో కింద చెబుతాను.

ఇరుకు రెండు చోట్ల ఉంటుంది: ఒకటి లైను, రెండోది గాలి, అంటే ఫోన్లన్నీ పంచుకునే వైఫై రేడియో ఛానెల్. స్పీడ్ లిమిట్ లైనుకే మందు. గాలిలో ఇరుకైతే మందు వేరు. మీది ఏదో తేల్చడానికి పావుగంట చాలు. సాయంత్రం రద్దీలో ఒక ల్యాప్‌టాప్‌ను రూటర్‌కి కేబుల్‌తో కలిపి 8.8.8.8కి (గూగుల్ సర్వర్ అడ్రస్) ఆగకుండా పింగ్ పెట్టండి, అంటే చిన్న సందేశం వెళ్లి తిరిగి రావడానికి ఎంతసేపు పడుతోందో చూడండి. ఖాళీ వేళ 10 మిల్లీసెకన్లు ఉండేది రద్దీలో 200, 300కి ఎగబాకితే లైను నిండిపోయింది. తర్వాత ఓపీ కౌంటర్ దగ్గర వైఫై మీద ఉండి, బయటికి కాకుండా మీ రూటర్ లోపలి అడ్రస్‌కే పింగ్ పెట్టండి. అదే 50, 100 దాటి ఎగిరెగిరి పడుతుంటే ఇరుకు గాలిలో ఉంది, లైను 500కి పెంచినా ప్రయోజనం ఉండదు. ఇంత రద్దీ ఉన్నచోట సాధారణంగా రెండూ ఉంటాయి.

లైను సంగతి ముందు. నిండిన లైనులో ప్యాకెట్లు (డేటా ముక్కలు) బారులు తీరేది మీ రూటర్‌లో కాదు, ప్రొవైడర్ వైపు పెట్టెలో. అక్కడ ఎవరిని ముందు పంపాలో చెప్పే అధికారం మీకు లేదు. ఆ బారును మీ రూటర్‌లోకి లాక్కోవాలంటే లైనుకన్నా కొంచెం తక్కువ వేగానికి మీరే కట్టడి చేసుకోవాలి. సాయంత్రం 7 గంటలకు కేబుల్ మీద మూడు నాలుగు సార్లు స్పీడ్ టెస్ట్ చేసి, వచ్చినవాటిలో తక్కువది తీసుకోండి. డౌన్‌లోడ్ 185, అప్‌లోడ్ 180 వచ్చాయనుకుందాం. అందులో సుమారు 92 శాతం, అంటే డౌన్‌లోడ్ 170, అప్‌లోడ్ 165. ప్లాన్ కాగితం మీద ఉన్న 200ని లెక్కలోకి తీసుకోవద్దు.

మైక్రోటిక్‌లో మొదట చేయాల్సింది ఫాస్ట్‌ట్రాక్ రూల్ (ప్యాకెట్లను అడ్డదారిన వేగంగా పంపేది) ఆపడం. ఫైర్‌వాల్ ఫిల్టర్ రూల్స్‌లో డిఫాల్ట్‌గా ఉంటుంది. అది ఉన్నంతకాలం ప్యాకెట్లు సింపుల్ క్యూలను (వేగాన్ని కట్టడి చేసే బారులను) తప్పించుకుని పోతాయి. మీరు ఎంత అందంగా కట్టినా క్యూ కౌంటర్ దాదాపు కదలదు. రూల్ ఆపాక పాత కనెక్షన్లు ఇంకా ఆ దారినే పోతుంటాయి కాబట్టి కనెక్షన్ల పట్టిక ఖాళీ చేయండి, లేదా రూటర్ ఒకసారి రీబూట్ చేయండి. ఫాస్ట్‌ట్రాక్ పోతే సీపీయూ మీద భారం పెరుగుతుంది. టూల్స్‌లో ప్రొఫైల్ తెరిచి రద్దీ వేళ చూడండి. ఒక కోర్ 100 శాతానికి తగులుతుంటే ఆ రూటర్ ఈ పనికి చాలదు, పెద్దది కొనాల్సిందే.

స్టాఫ్, ఇమేజింగ్, గెస్ట్, సీసీ కెమెరాలు ఇప్పటికే నాలుగు వీల్యాన్లుగా (ఒకే తీగల మీద విడివిడి నెట్‌వర్కులుగా) లేకపోతే ముందు ఆ పని చేయండి. ఆ తర్వాత ఒక పేరెంట్ సింపుల్ క్యూ: టార్గెట్‌లో నాలుగు వీల్యాన్ ఇంటర్‌ఫేస్‌లు, డెస్టినేషన్‌లో పీపీపీఓఈ ఇంటర్‌ఫేస్ (ప్రొవైడర్ లైను వైపుది), మ్యాక్స్ లిమిట్ 165/170. ఇక్కడ రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. మొదటిది, మైక్రోటిక్‌లో అప్‌లోడ్ ముందు, డౌన్‌లోడ్ తర్వాత రాయాలి. చాలామంది తిరగరాస్తారు. మీ లైను రెండు వైపులా దాదాపు సమానం కాబట్టి పైస్థాయిలో తప్పు కనపడదు, గెస్ట్ క్యూ దగ్గర మాత్రం కొంప ముంచుతుంది. రెండోది, డెస్టినేషన్ ఖాళీగా వదిలేస్తే ఒక వీల్యాన్ నుంచి ఇంకో వీల్యాన్‌కు వెళ్లే లోపలి ట్రాఫిక్ కూడా ఇదే కట్టడిలో పడుతుంది. ఎక్స్‌రే మెషిన్ నుంచి మీ లోపలి సర్వర్‌కు గిగాబిట్‌లో పోవాల్సిన ఫైల్ 170లో ఇరుక్కుంటుంది.

టార్గెట్‌లో ఐపీవీ4 సబ్‌నెట్ కాకుండా ఇంటర్‌ఫేస్ పేరే ఇవ్వమనడానికి కారణం ఐపీవీ6, అంటే కొత్తరకం ఇంటర్నెట్ అడ్రస్‌లు. ప్రొవైడర్ ఐపీవీ6 ఇస్తుంటే యూట్యూబ్, ఫేస్‌బుక్ లాంటివి ఎక్కువగా అదే దారిన వస్తాయి. 192.168 అని రాసిన క్యూ వాటిని అసలు చూడదు. లిమిట్ పెట్టినా స్పీడ్ వస్తూనే ఉందని తల పట్టుకునేవాళ్లలో చాలామంది సమస్య ఇదే.

పేరెంట్ కింద నాలుగు పిల్ల క్యూలు, అంకెలు అప్‌లోడ్/డౌన్‌లోడ్ వరసలో. స్టాఫ్‌కు లిమిట్ ఎట్ 80/80, మ్యాక్స్ లిమిట్ 165/170, ప్రయారిటీ 1. ఇమేజింగ్‌కు లిమిట్ ఎట్ 40/20, మ్యాక్స్ 100/100, ప్రయారిటీ 4. కెమెరాలకు 10/2, మ్యాక్స్ 20/10, ప్రయారిటీ 6. గెస్ట్‌కు 20/20, మ్యాక్స్ 40/100, ప్రయారిటీ 8. లిమిట్ ఎట్ అంటే హామీ ఇచ్చిన వాటా. వాటి మొత్తం పేరెంట్ మ్యాక్స్‌ను దాటకూడదు, ఇక్కడ అప్‌లోడ్ 150, డౌన్‌లోడ్ 122. ప్రయారిటీ పని చేసేది అందరి హామీ తీరాక మిగిలినదాన్ని పంచేటప్పుడే, అదీ చివరి అంచె క్యూలలోనే. పేరెంట్‌కు ప్రయారిటీ 1 ఇస్తే జరిగేదేమీ లేదు.

ఇమేజింగ్‌కు విడిగా గది కట్టిన కారణం ఇది. సీటీ స్కాన్‌లో ఒక్కో ముక్క 512 బై 512 చుక్కలు, చుక్కకు 2 బైట్లు, అంటే అర ఎంబీ. 400 ముక్కల స్కాన్ 200 ఎంబీ, అంటే 1600 మెగాబిట్లు. బయట ఉన్న రేడియాలజిస్టుకు పంపుతున్నప్పుడు అడ్డు లేకపోతే అది అప్‌లోడ్ అంతా మింగేస్తుంది, ఆ కొద్ది సెకన్లలోనే డాక్టర్ వీడియో కాల్ ముక్కలవుతుంది. హామీ వాటా 40 మాత్రమే దొరికినా ఆ స్కాన్ 40 సెకన్లలో వెళ్లిపోతుంది. ఎవరికీ ఇబ్బంది లేదు.

గెస్ట్ అప్‌లోడ్ 40కి నొక్కినది ఫోటోల బ్యాకప్ కోసం. ఫోన్ వైఫై ఎక్కగానే వారం రోజుల వీడియోలు పైకి పంపడం మొదలుపెడుతుంది, మనిషికి తెలియను కూడా తెలియదు.

క్యూ టైప్ దగ్గర అశ్రద్ధ చేయకండి. డిఫాల్ట్‌గా వచ్చే 'డిఫాల్ట్ స్మాల్' 10 ప్యాకెట్ల బారు మాత్రమే. ఈ వేగాలకు అది చాలక ప్యాకెట్లు రాలిపోయి స్పీడ్ సగానికి పడవచ్చు. రూటర్‌ఓఎస్ 7లో క్యూ టైప్స్‌లో ఎఫ్‌క్యూ కోడెల్ రకం (బారు పొడవు పెరగకుండా చూసేది) కొత్తగా తయారు చేసి స్టాఫ్, ఇమేజింగ్, కెమెరాలకు ఇవ్వండి. గెస్ట్‌కు పీసీక్యూ (మనిషికో చిన్న బారు కట్టే రకం): డౌన్‌లోడ్‌కు డెస్టినేషన్ అడ్రస్, అప్‌లోడ్‌కు సోర్స్ అడ్రస్ క్లాసిఫయర్, రేట్ 0. రేట్ 0 అంటే ఉన్నదాన్ని ఉన్నవాళ్లకు సమానంగా పంచుతుంది. రాత్రి పదిమంది ఉంటే మనిషికి 10, సాయంత్రం 150 మంది ఉంటే ఒక్కొక్కరికి 0.7 చొప్పున. అందరూ ఒకేసారి లాగరు కాబట్టి నిజంగా దొరికేది ఇంకా ఎక్కువే. కంట్రోలర్‌లోని మనిషికి 2 లిమిట్ తీసేయవచ్చు. పైన ఒక తాడు బిగించాక కింద ఇంకో ముడి అక్కర్లేదు. ఒకటి మరిచిపోవద్దు: పీసీక్యూలో ఒక్కో ప్రవాహానికి డిఫాల్ట్ 50 కేఐబీ, మొత్తానికి 2000 కేఐబీ. 150 ఫోన్లకు 7500 కావాలి, టోటల్ లిమిట్ ఆ మేరకు పెంచండి.

కంట్రోలర్ లిమిట్ ఉంచుకోవాలనే అనుకుంటే యూనిట్ చూసి కొట్టండి. కేబీపీఎస్ అని ఎంపికై ఉన్న పెట్టెలో 2 అని రాసి, వైఫై చచ్చిపోయిందని అనుకోవడం ఈ రంగంలో పాత జోకు.

ఇప్పుడు గాలి. లిమిట్ తగ్గిస్తే సరిపోదని ఎందుకన్నానంటే, వార్డు చివర ఉన్న ఫోన్ సిగ్నల్ అందక 6 ఎంబీపీఎస్ రేటులో మాట్లాడుతుంటే, దానికి 2 ఎంబీపీఎస్ అందించడానికే ఆ ఛానెల్ సమయంలో మూడో వంతుకు మించి పోతుంది. అలాంటివి మూడుంటే మిగతావాళ్లకు గాలే లేదు. అందుకే ఆ ఫోన్‌ను దగ్గరి యాక్సెస్ పాయింట్‌కు మళ్లించాలి, లేదా అంత నెమ్మది రేటును ఒప్పుకోకూడదు.

కనీస డేటా రేటు రెండు బ్యాండ్లలోనూ (2.4, 5 గిగాహెర్ట్జ్) 12కి పెంచండి. దీని లాభం బీకన్లలోనే తెలుస్తుంది. ఒక్కో వైఫై పేరుకు ప్రతి 102.4 మిల్లీసెకన్లకు ఒక బీకన్ (నేనిక్కడున్నానని యాక్సెస్ పాయింట్ వేసే కేక), అతి తక్కువ రేటులో పోతుంది. 300 బైట్ల బీకన్ 1 ఎంబీపీఎస్‌లో దాదాపు 2.6 మిల్లీసెకన్లు తింటుంది. ఒకే ఛానెల్ మీద ఒకదానికొకటి వినపడే 3 యాక్సెస్ పాయింట్లు, ఒక్కోదానికి 4 పేర్లు ఉంటే 12 బీకన్లు, అంటే 31 మిల్లీసెకన్లు. ఎవరూ ఏమీ వాడకుండానే 30 శాతం గాలి హరీ. 12 ఎంబీపీఎస్‌లో అదే 3 శాతం లోపు. అలాగే పేర్లు మూడుకు మించనివ్వకండి. అయితే రేటు పెంచే ముందు పాత ఈసీజీ మెషిన్, మానిటర్లు, బయోమెట్రిక్ హాజరు పెట్టెలు ఏ రేటులో ఎక్కుతున్నాయో క్లయింట్ల జాబితాలో చూడండి. పాత 11బి (తొలితరం వైఫై) రేడియో ఉన్న పరికరం ఉంటే ఆ నిమిషం నుంచి కనిపించకుండా పోతుంది. దానికి కేబుల్ వేయండి, ఒక్క మెషిన్ కోసం ఆసుపత్రంతా నెమ్మదించనక్కర్లేదు.

2.4 గిగాహెర్ట్జ్‌లో వెడల్పు 20, ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే. 9 యాక్సెస్ పాయింట్లలో నాలుగైదింటికి 2.4 ఆపేసినా చాలాచోట్ల కవరేజీకి లోటు రాదు. క్యాంటీన్ పక్కన మైక్రోవేవ్ అవెన్ ఉంటే అక్కడ 2.4 మీద ఆశ వదులుకోండి. 5 గిగాహెర్ట్జ్‌లో వెడల్పు 80 కాదు, 40. అప్పుడు 36, 44, 149, 157 అని నాలుగు వేర్వేరు దారులు దొరుకుతాయి, 80 పెడితే రెండే. 52 నుంచి 144 వరకు ఉన్నవి వాడొచ్చు గానీ రాడార్ కనిపిస్తే యాక్సెస్ పాయింట్ ఛానెల్ వదిలి పారిపోవాలి. వీడియో కాల్ నడిచే అంతస్తులో వాటిని పెట్టకపోవడమే మేలు. పవర్ ఆటోకు వదలకండి: 2.4కు 8 నుంచి 11 డీబీఎం, 5కు 14 నుంచి 17తో మొదలుపెట్టి, వీడియో కాల్ చేసే గదుల్లో సిగ్నల్ మైనస్ 67 డీబీఎం కన్నా బాగుండేట్టు సరిచేయండి. ఫుల్ పవర్ పెడితే యాక్సెస్ పాయింట్ అరుపు ఫోన్‌కు వినిపిస్తుంది, ఫోన్ గొంతు దానికి వినిపించదు. ఎక్స్‌రే గది గోడల్లో సీసపు రేకు ఉంటే ఎంత పవర్ పెట్టినా దాటదు, లోపలికి కేబుల్ వేయాల్సిందే.

డబ్ల్యూఎంఎం (వైఫైలో మాటకు, వీడియోకు ముందు దారి ఇచ్చే ఏర్పాటు) ఆపకండి. ఆపితే కొత్త ఫోన్లు కూడా 54 రేటుకు పడిపోతాయి. ఐపీ ఫోన్లు వైఫై మీద ఉంటే ఇంకో మెలిక: వాటి ప్యాకెట్ల మీద ఉండే 46 అనే ప్రాధాన్య గుర్తును (డీఎస్‌సీపీ) చాలా యాక్సెస్ పాయింట్లు పై మూడు బిట్లే చూసి మాట తరగతికి బదులు వీడియో తరగతిలో వేస్తాయి. మ్యాపింగ్ మార్చే వీలుంటే 46ను 6కు (మాట తరగతికి) కట్టండి. అలాగని స్టాఫ్ ట్రాఫిక్ అంతా మాట తరగతిలోకి తోసేస్తే, అది చిన్న ప్యాకెట్ల కోసం పెట్టింది కాబట్టి పెద్ద ఫైళ్లు పాకుతాయి.

గెస్ట్ వీల్యాన్‌కు డీహెచ్‌సీపీ లీజు (ఫోన్‌కు ఇచ్చిన అడ్రస్ గడువు) 24 గంటలుంటే 2 గంటలు చేయండి. ఇప్పటి ఫోన్లు మ్యాక్ అడ్రస్ (పరికరం సొంత నంబరు) దాచి మారుపేరు ఇస్తాయి, ఒక్క ఫోనే రెండు మూడు అడ్రస్‌లు తీసుకోవచ్చు. 254 అడ్రస్‌లు అలా సాయంత్రానికి అయిపోతాయి, జనం దాన్ని కూడా 'నెట్ స్లో' అనే అంటారు. అడ్రస్‌ల పరిధిని స్లాష్ 23గా ఇస్తే 510 వస్తాయి. మ్యాక్‌కు రోజుకు ఇంత డేటా అని కోటా పెట్టడం కూడా ఇందుకే దండగ.

రేపు సాయంత్రం విన్‌బాక్స్‌లో (మైక్రోటిక్ సెట్టింగ్‌ల యాప్) క్యూల రంగు చూడండి. గెస్ట్ క్యూ ఎర్రగా ఉండి స్టాఫ్ ఆకుపచ్చగా ఉంటే సరిగ్గా కుదిరినట్టే. 8.8.8.8 పింగ్ ఖాళీ వేళకన్నా 20, 30 మిల్లీసెకన్లకు మించి పెరగకూడదు. పెరిగితే పేరెంట్ అంకె ఇంకో 5 శాతం తగ్గించండి. నెలాఖరులో మాత్రమే పెరుగుతుంటే ప్లాన్‌లో ఎఫ్‌యూపీ (పూర్తి వేగంతో ఇచ్చే డేటా పరిమితి) చూడండి. నెలకు 3300 జీబీ అనుకుంటే రోజుకు 110 జీబీ, అంటే 24 గంటలూ సగటున 10 ఎంబీపీఎస్ వాడితే సరిగ్గా అయిపోతుంది. అది దాటి లైను వేగం పడిపోయాక 170 దగ్గర కట్టిన క్యూ ఉన్నా లేనట్టే. 50 ఎంబీపీఎస్ బ్యాకప్ లైను ఉంటే దానికీ ఇదే చిక్కు, కాబట్టి డెస్టినేషన్‌లో ఆ రెండో ఇంటర్‌ఫేస్ పెట్టి 45 దగ్గర ఇంకో పేరెంట్, దాని పిల్లలు ఇప్పుడే కట్టి ఉంచండి. అందులో గెస్ట్‌కు 5 చాలు.