తాడు ఇరుక్కుంది, కాలు విరిగింది: సంతకం చేసిన పత్రం పరిహారానికి అడ్డమా?

ప్రశ్న: మాది దేవరకొండ. ఒక సాహసయాత్రల సంస్థకు రుసుము కట్టి, గత నవంబరులో కాన్యనింగ్ (వాగు లోయల వెంట తాళ్లతో దిగుతూ సాగే సాహసక్రీడ) శిక్షణలో చేరాను. నల్లమలలోని ఒక వాగు లోయలో ఎత్తయిన రాతిగోడ మీదుగా అందరం తాడుతో దిగాక, ఎంత లాగినా తాడు కిందికి రాలేదు. శిక్షకుడు చెప్పడంతో ఆ తాడునే పట్టుకుని కొంత ఎత్తు ఎక్కాను. అది ఒక్కసారిగా జారి, పడిపోయి చీలమండ ఎముక విరిగింది. ‘ప్రమాదం జరిగితే సంస్థకు బాధ్యత లేదు’ అన్న పత్రం మీద ముందే సంతకం చేయించుకున్నారు. అటవీశాఖ అనుమతి ఉందన్నారు గానీ చూపలేదు. నేను పరిహారం అడగవచ్చా? కోలుకున్నాక ఈ విద్య మళ్లీ నేర్చుకోవాలని కూడా ఉంది.

జవాబు: తప్పకుండా అడగవచ్చు. నాచు పట్టిన బండ మీద కాలు జారడం, వాగు నీటి వేగం వంటి ఆ క్రీడలో సహజంగా ఉండే ప్రమాదాలను మీరు తెలిసే ఒప్పుకున్నారని ఆ పత్రం చూపగలదు. అంతేగాని, శిక్షకుడి నిర్లక్ష్యాన్ని మీరు ముందుగానే మాఫీ చేశారని దానికి అర్థం రాదు. రుసుము తీసుకుని ఇచ్చే శిక్షణ 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద ‘సేవ’ అవుతుంది కనుక, అందులోని లోపానికి సంస్థ జవాబు చెప్పాలి. ఆ రోజుకు మీకు 18 ఏళ్లు నిండకపోతే మీ సంతకానికి ఒప్పందంగా విలువే లేదు.

అయితే తాడు ఎందుకు ఇరుక్కుంది, ఇరుక్కున్నాక ఏం చేశారు అన్నవే మీ కేసుకు ఆయువుపట్టు. పొడవైన దిగుడులో రెండు తాళ్లను ముడివేసి, పైనున్న యాంకర్ (తాడు బరువు మోసేలా రాతికి బిగించిన ఆధారం) రింగులోంచి పోనిచ్చి, అందరూ దిగాక ఒక కొస లాగి తీసుకుంటారు. దిగుడు పొడవు పెరిగేకొద్దీ అంచు మీద ఒరిపిడి, తడిసిన తాడు బరువు, దాని సాగుడు పెరుగుతాయి; ముడి రాతి పగులులో చిక్కుకునే అవకాశమూ పెరుగుతుంది. అందుకే చివరి మనిషి ఇంకా పైన ఉండగానే కిందివారు కొద్దిగా లాగి తాడు కదులుతుందో లేదో చూడాలి. కదలకపోతే పైనున్న వ్యక్తి యాంకర్‌ను పొడిగించి, రింగు అంచు దాటి వేలాడేలా సరిచేయాలి. చివరగా దిగే వ్యక్తి ఏ కొస లాగాలో గుర్తుంచుకుని, రెండు తాళ్లూ మెలిపడకుండా చూసుకుంటూ దిగాలి. ఇవి ఈ విద్యలో మొదటి పాఠాలు. మీ శిక్షకుడు ఆ పరీక్ష చేయించాడా?

ఇంకొక విషయం ఇంతకన్నా ముఖ్యం. తాడు చిక్కుకున్నప్పుడు రెండు కొసలూ చేతికి అందుతూ ఉంటే తాడు ఇంకా యాంకర్‌లోనే ఉందని తెలుస్తుంది. ఒక కొస పైకి వెళ్లిపోయి ఉంటే, మిగిలిన కొస దేన్ని పట్టుకుని ఆగిందో కిందివారికి తెలియదు. అలాంటి తాడుకు మనిషి బరువు అప్పగించమనడం స్పష్టమైన నిర్లక్ష్యమని నా అభిప్రాయం. కాబట్టి ఆ క్షణంలో రెండో కొస ఎక్కడుందో మీకు గుర్తున్నంతవరకు ఇవాళే రాసి పెట్టుకోండి, తోటివారి ఫొటోలు, హెల్మెట్ కెమెరా వీడియోలు సేకరించండి. ఆ తాడును, యాంకర్ సామగ్రిని భద్రపరచాలని, శిక్షకుడి అర్హత పత్రాల నకళ్లు పంపాలని లాయర్ నోటీసు ఇప్పించండి. 2018లో కేంద్ర పర్యాటక శాఖ ఆమోదంతో వచ్చిన సాహస పర్యాటక మార్గదర్శకాలు చట్టం కాకపోయినా, శిక్షకుడు పాటించవలసిన జాగ్రత్త ఎంతటిదో వినియోగదారుల కమిషన్‌కు చూపడానికి పనికివస్తాయి.

ఎముక విరగడం భారతీయ న్యాయ సంహిత ప్రకారం తీవ్రమైన గాయం. ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చే నిర్లక్ష్యపు చర్య వల్ల అది కలిగితే 125వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు గాని, 10,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. సంఘటన ఎక్కడ జరిగినా మీరు దేవరకొండ స్టేషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు.

అటవీ అనుమతి సంగతి దాచకండి. ఆ లోయ అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోనిదైతే, అనుమతి లేని ప్రవేశం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అనుమతి ఉందని సంస్థ పంపిన సందేశాలుంటే పదిలపరచండి. నిజంగా ఇచ్చారో లేదో 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి జిల్లా అటవీ అధికారిని అడగండి.

మళ్లీ నేర్చుకోవాలన్న మీ కోరికను నేను కాదనను. నీరున్న లోయకు వెళ్లే ముందు పొడి బండ మీద చెయ్యి తిరగాలి. 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ కూడా భువనగిరి బండ మీదే శిక్షణ పొందింది. తాడు ఇరుక్కుంటే ఏం చేస్తారని రుసుము కట్టకముందే శిక్షకుణ్ని అడగండి. తడుముకుంటే ఆయన దగ్గర చేరకండి.

పరిహారం కోసం మీరు నివసించే చోటే, అంటే నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. మీరు కట్టిన రుసుము 5 లక్షల రూపాయల లోపు కనుక కమిషన్‌కు ఫీజు ఉండదు. గడువు రెండేళ్లు, దాన్ని ప్రమాదం జరిగిన రోజు నుంచి లెక్కవేసుకోండి, చికిత్స ముగిసేదాకా ఆగవద్దు.